వేడికి మొలవని గింజ

అరవై ఏళ్లుగా మట్టిలో చేతులు పెడుతున్నవాణ్ని, విత్తనాల ప్యాకెట్ వెనక ఏం రాశారో చదవడమేమిటన్న ధీమా నాది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరానికి పడమటన హిల్స్‌బరో అనే ఊళ్లో మా అమ్మాయి ఇల్లు. సెప్టెంబరు మొదటి వారంలో అక్కడ ఒక ట్రేలో మట్టి పోసి, గింజలు చల్లి, కొత్తిమీరకు చేసినట్టే పైన అర అంగుళం మట్టి కప్పి, నీళ్లు చిలకరించి, ఎండ బాగా తగిలే వంటింటి కిటికీలో పెట్టాను. నెల గడిచింది. ఒక్క మొలకైనా రాలేదు.

మా అమ్మాయి సొరుగులోంచి ఖాళీ ప్యాకెట్ తీసి, వెనక్కు తిప్పి నా ముందు పెట్టింది.

"నాన్నా, వద్దన్నవన్నీ చేశారు మీరు."

నిజమే. ప్యాకెట్ వెనక ఉన్నవి నాలుగే ముక్కలు. మట్టి కప్పవద్దు. ఇరవై డిగ్రీలు దాటనివ్వవద్దు. ఆరనివ్వవద్దు. పూలు కావాలంటే చలిలో ఉంచండి. ఆ ముక్కలు పట్టుకుని వెనక్కు నడుస్తూ పోతే ఒక మొక్క చరిత్రంతా బయటపడింది. ఈ అధ్యాయం అదే.

మొక్క పేరు ప్రిమ్‌రోజ్. అంతకు ముందు ఒక జనవరిలో వెళ్లినప్పుడు అక్కడి సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర మొదటిసారి చూశాను. అరచేతిలో పట్టేంత కుండీ, ముడతలు పడిన లేత ముల్లంగి ఆకుల్లాంటి ఆకులు, వాటి నడుమ గుత్తిగా పసుపు, ఎరుపు, నీలం, ఊదా పూలు. బయట సన్నగా వాన, ఐదు డిగ్రీల చలి. మిగిలిన చెట్లన్నీ మోడులై నిలబడ్డ రోజుల్లో ఇది పూస్తుంది. అందుకే లాటిన్‌లో దీన్ని మొదటి పువ్వు అన్నారు. ఆ మాటలోని రోజా పువ్వు అన్న అర్థంలో వాడిందే. గులాబీకీ దీనికీ చుట్టరికం లేదు. మందుల షాపుల్లో ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె మాత్రలు అమ్ముతారే, ఆ మొక్క కూడా వేరే కుటుంబం. పేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు.

దీని ప్రజాతి పేరు ప్రిమ్యులా. అందులో నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం హిమాలయాల్లో, వాటిని ఆనుకుని ఉన్న నైరుతి చైనా కొండల్లో పుట్టినవే. సిక్కిం పేరు పెట్టుకున్న ప్రిమ్యులా కూడా ఒకటుంది. యూరప్ అడవుల్లో పెరిగేవి కొన్నే. మనం కుండీల్లో చూసే రకాలకు మూలం ప్రిమ్యులా వల్గారిస్ అనే ఆ యూరప్ జాతి, దాని దగ్గరి బంధువులు. ఇవి కాక చైనా నుంచి వచ్చిన ఆబ్‌కోనికా, మలకాయిడిస్, సైనెన్సిస్ అనే మూడు జాతులు కూడా కుండీల్లో స్థిరపడ్డాయి. కొండజాతులైనా అడవిజాతులైనా అన్నిటికీ చల్లటి గాలి, తేమ, చెదిరిన నీడ అలవాటు. మన గుంటూరు మే నెల సంగతి వీటికి బొత్తిగా తెలియదు.

ఇప్పుడు మొదటి ముక్క. మట్టి ఎందుకు కప్పకూడదు?

గింజ చిన్నది. వల్గారిస్ రకాలు గ్రాముకు దాదాపు వెయ్యి తూగుతాయి. ఆబ్‌కోనికా అయితే గ్రాముకు ఐదారు వేలు, మలకాయిడిస్ పది వేలు. ఇంత చిన్న గింజలో మొలకకు కట్టి ఇచ్చే సద్దిమూట ఎంతుంటుంది? చిక్కుడు గింజ రెండంగుళాల లోతు నుంచి కూడా మట్టిని నెట్టుకుని రాగలదు, దాని పప్పుబద్దల్లో అంత తిండి ఉంది. ప్రిమ్యులా మొలకకు ఆ ఓపిక లేదు. అందుకే ఇలాంటి చిన్న గింజలు చాలావాటికి ప్రకృతి ఒక కొలమానం ఇచ్చింది, వెలుతురు. గింజ లోపల వెలుతురును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. ఎర్రటి కాంతి తగిలితే దాని రూపు మారి మొలకెత్తమని కబురు పంపుతుంది. వెలుతురు తగల్లేదంటే లోతున పడ్డట్టే, కాబట్టి ఆగమని అర్థం. నేను కప్పిన అర అంగుళం మట్టి ఆ గింజలకు పాతాళం.

నర్సరీవాళ్లు ప్రోట్రేలో మెత్తటి మిశ్రమం నింపి, గింజను పైపైన వేసి, వెలుతురు దూరేంత పలచగా వర్మికులైట్ చల్లుతారు. ఆ పొర గింజ ఆరిపోకుండా కాపాడుతుంది. ఆరనివ్వవద్దన్న మూడో ముక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. పైన ఉన్న గింజకు తడి నిలవదు, ఒకసారి నానిన గింజ ఎండితే లోపలి మొలక చచ్చిపోతుంది. అలాగని నీళ్లు గుమ్మరిస్తే నారుకుళ్లు తెగులు సిద్ధంగా ఉంటుంది. మొలక మొదట్లో నల్లబడి, నడుము విరిగినట్టు పడిపోవడం టమాటా, మిరప నారు పోసే మన రైతులకు కొత్తేమీ కాదు. ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి కిందనుంచి తడి ఎక్కించి, పైన గాజుపలకో ప్లాస్టిక్ మూతో పెట్టి, రోజుకోసారి తీసి గాలి ఆడనివ్వడం పాత పద్ధతి. రెండోసారి నేను అదే చేశాను.

రెండో ముక్క దగ్గర కాసేపు ఆగాలి.

ప్రిమ్‌రోజ్ గింజ మొలవడానికి పదిహేను నుంచి పద్దెనిమిది డిగ్రీలు బాగా కుదురుతాయి. ఇరవై దాటుతున్న కొద్దీ మొలకల శాతం పడిపోతుంది. గింజ చావదు, మొలవడం మానుకుంటుంది. మనకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. బెండ, దోస, బీర గింజలకు వెచ్చదనమే పిలుపు. వడ్లను మండె కట్టేటప్పుడు వెచ్చగా ఉండాలని పైన గోనెపట్టా కప్పే జాతి మనది. కానీ మండు వేసవిలో చల్లిన కొత్తిమీర సరిగా మొలవకపోవడం మన పెరళ్లలోనూ చూస్తాం. చల్లటి దేశాల నుంచి వచ్చిన మొక్కలకు ఈ గుణం తరచు కనిపిస్తుంది.

యూరప్ అడవిలో ప్రిమ్‌రోజ్ మార్చి, ఏప్రిల్ నెలల్లో పూసి, వేసవి మొదట్లో గింజ రాలుస్తుంది. గింజకు ఒక పక్క తెల్లటి కొవ్వు ముద్ద అంటుకుని ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు మోసుకుపోయి, ముద్ద తినేసి, గింజను పారేస్తాయి. తల్లి నీడలోంచి పిల్ల బయటపడే దారి అది. అలా పడ్డ గింజ జూలై వేడిలోనే మొలిచిందనుకోండి, సన్నటి వేరు ఎండిన మట్టిలో రెండు రోజులు కూడా బతకదు. వేడి తగిలినప్పుడు మొలవకుండా ఆగిన గింజల సంతానమే మిగిలింది. శరత్తు చల్లదనమో, చలికాలం దాటిన తడో తగిలాకే అవి కదులుతాయి. నా వంటింటి కిటికీలో సెప్టెంబరు ఎండ ఆ గింజలతో నెల పొడుగునా ఇంకా వేసవేనని చెబుతూనే ఉంది.

అక్టోబరులో మిగిలిన గింజలు తీసి మళ్లీ చల్లాను. ఈసారి ట్రేను ఇంటి ఉత్తరపు వైపు వరండాలో పెట్టాను. పగలు పదిహేను, పదహారు డిగ్రీలు. ఇరవై రెండో రోజున భూతద్దంతో చూస్తే పచ్చటి చుక్కలు కనిపించాయి. మా అమ్మాయి మాత్రం నాచు పట్టిందేమో అంది.

గింజల నిల్వ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రిమ్యులా గింజ పాతబడితే పనికిరాదు. వేడిగా, తేమగా ఉన్న గదిలో కొద్ది నెలల్లోనే సత్తువ పోతుంది. గాలి చొరబడని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నిలుస్తుంది. నా రెండో విడత మొలిచిందంటే మా అమ్మాయి వాటిని ముందే ఫ్రిజ్‌లో పెట్టడం వల్లే, నా తెలివితేటల వల్ల కాదు.

ఇక చలి మాట. పూలు పూయాలంటే వల్గారిస్ రకాలకు చలి పడాలి. అదీ పసిమొక్కకు కాదు. ఆరు నుంచి పది ఆకులు వచ్చేదాకా ఎంత చలి పెట్టినా చాలా రకాలకు పెద్దగా ఎక్కదు. అంత ఎదిగాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఐదు, పది డిగ్రీల మధ్య ఉంచితే నడిబొడ్డున మొగ్గలు కడతాయి. చలి తగలకపోతే ఆకులే ఆకులు. మన పొలాల్లో క్యాబేజీ ఇలాగే గడ్డ కట్టి అమ్మకానికి వెళ్తుంది తప్ప పూసి గింజ కట్టదు. యూరప్ రకాల క్యాబేజీ విత్తనం పండించడానికి హిమాచల్ ప్రదేశ్ లాంటి చలి కొండలకు పోవాల్సిందే. ఈ లెక్క ఎందుకంటే, శరత్తులో ఒక చల్లటి రోజు వచ్చిందని పూసేస్తే తరువాత వచ్చే అసలు చలికి పువ్వు మాడిపోతుంది. చలి మొదలవడం కాదు, చలికాలం గడవడం మొక్కకు గుర్తుండాలి.

నర్సరీల క్యాలెండరంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. జూలై, ఆగస్టుల్లో చల్లబరిచిన గదుల్లో గింజ మొలిపిస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కుండీల్లోకి మారుస్తారు. నవంబరులో హీటర్లు తగ్గించి చలి తగలనిస్తారు. జనవరి నుంచి మార్చి దాకా అమ్మకం. కరెంటు, గ్యాస్ బిల్లులు పెరిగే నెలల్లో వేడి అక్కర్లేకుండా పెరిగే పూలమొక్క దొరకడం వ్యాపారికి వరం. ఈ కుండీలు చవగ్గా దొరకడానికి కారణమూ అదే. తొందరపడి వేడి పెంచితే ఆకులు దోసెడంత పెరిగి పూలు వాటికింద దాక్కుంటాయి, ఆ కుండీ ఎవరూ కొనరు.

మట్టి సంగతి ఒక్క మాట. ప్రిమ్యులాకు కొంచెం పులుపు మట్టి కావాలి, ఉదజని సూచిక ఆరు దాపున. సున్నపు నీళ్లు పోస్తూ పోతే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సున్నపు నేలల్లో వేరుశనగ వేసే రైతు ఆ ఆకును చూడగానే ఇనుపధాతు లోపమని చెప్పి, అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమంటాడు. రోగం అదే, మందూ అదే.

పూసిన మొక్కను ఊరికే చూసి వదిలేయకండి. గొంతులోకి చూడండి. కొన్ని మొక్కల పూలలో గొంతు మధ్య ఆకుపచ్చటి గుండుసూది తలలాంటిది కనిపిస్తుంది. అది పుప్పొడిని అందుకునే కీలాగ్రం, కీలం అనే కాడ కొస. పుప్పొడి సంచులు కింద గొట్టం మధ్యలో దాగి ఉంటాయి. మరికొన్ని మొక్కల్లో ఇది తలకిందులు. పుప్పొడి సంచులు గొంతు అంచున కుచ్చులా నిలబడతాయి, కీలం పొట్టిగా లోపలే ఉండిపోతుంది. ఇంగ్లండు తోటమాలులు మొదటిదాన్ని గుండుసూది అన్నారు. రెండోదానికి వాళ్లు పెట్టిన పేరు నేతపని నుంచి వచ్చింది. బట్ట కోసుకున్నాక మగ్గం మీద మిగిలిపోయే పడుగు పోగుల కొసలకు వాళ్ల భాషలో ఒక మాట ఉంది, అదే ఈ పువ్వుకు పెట్టారు. మనం పోగుకుచ్చు అనుకుందాం. ఒక మొక్కకు ఒకటే రకం. అడవిలో లెక్కిస్తే ఇంచుమించు సగం సగం.

తోటమాలులకు ఇది ముందే తెలుసు. ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినవాడు చార్లెస్ డార్విన్. పొట్టి కీలం పువ్వు మెల్లగా మగదిగా, పొడుగు కీలం పువ్వు ఆడదిగా మారుతున్నాయేమోనని ఆయన మొదట అనుకున్నాడు. అదే నిజమైతే పొడుగు కీలం మొక్కలే ఎక్కువ గింజ కట్టాలి. లెక్క పెట్టి చూస్తే పొట్టి కీలం మొక్కలే ఎక్కువ కట్టాయి. ఊహ తప్పింది. తప్పిందని వదలకుండా, రెండు రకాల మధ్యా నాలుగు విధాలుగా చేత్తో పరాగ సంపర్కం చేయించి చూశాడు. గుండుసూదికి పోగుకుచ్చు పుప్పొడి, పోగుకుచ్చుకు గుండుసూది పుప్పొడి అందినప్పుడు గింజ నిండుగా కట్టింది. ఒకే రకంలో కలిపితే గింజలు బాగా తగ్గాయి. 1862లో ఆ వ్యాసం అచ్చైంది, 1877లో ఏకంగా పుస్తకమే రాశాడు. తేనెకోసం వచ్చిన పురుగు ఒంటి మీద ఒక ఎత్తులో అంటిన పుప్పొడి, రెండో రకం పువ్వులో సరిగ్గా అదే ఎత్తున ఉన్న కీలాగ్రానికి తగులుతుంది. సగోత్రీకులకు పెళ్లి కుదరనట్టే ఇక్కడా కుదరదు.

1905లో బేట్సన్, గ్రెగరీ అనే ఇద్దరు ఈ గుణం మెండెల్ సూత్రాల ప్రకారమే సంక్రమిస్తుందని చూపించారు. దాని లోగుట్టు తెలియడానికి 2016 దాకా పట్టింది. పోగుకుచ్చు మొక్కల్లో అదనంగా ఐదు జన్యువుల ముక్క ఒకటి ఉంది, గుండుసూది మొక్కల్లో అది బొత్తిగా లేదు. ఆ ఐదింటిలో ఒకటి, కణాలను సాగదీసే హార్మోనును విరిచేస్తుంది, కీలం పొట్టిగా ఆగిపోతుంది. ఇంకొకటి పుప్పొడి సంచులను పైకెత్తుతుంది.

దీంతో కుండీ పెంచేవాళ్లకు పనేమిటంటారా? ఒకే మొక్క పెట్టుకుని గింజ కట్టలేదని బాధపడేవాళ్లు చాలామంది. ఇంట్లో తేనెటీగ లేదు, ఉన్నా జోడీ లేదు. ఈ పనిని చేత్తో చేసి పేరు తెచ్చుకున్న మనిషి హిల్స్‌బరోకు ఎంతో దూరంలో ఉండేది కాదు. పోర్ట్‌లాండ్ బ్లూ లైన్ రైలుకు పడమటి కొస హిల్స్‌బరో, తూర్పు కొస గ్రెషమ్. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఫ్లోరెన్స్ బెల్లిస్ అనే పియానో వాద్యకారిణి ఆ గ్రెషమ్‌లో ఒక పాత పశువుల కొట్టంలో కాపురం పెట్టింది. ఇంగ్లండు నుంచి కొన్ని ప్యాకెట్ల ప్రిమ్‌రోజ్ విత్తనం తెప్పించి చల్లింది. అలా మొదలైందే బార్న్‌హేవెన్ నర్సరీ.

పరాగ సంపర్కం తేనెటీగలకు వదలకుండా ఆమె ఒక్కొక్క పువ్వుకూ చేత్తో చేసింది. ఈ పువ్వులో ఒక సదుపాయం ఉంది. కేసరాలు ఆకర్షక పత్రాల గొట్టానికే అతుక్కుని ఉంటాయి. గొట్టాన్ని గిల్లి లాగేస్తే పుప్పొడి సంచులన్నీ దానితోపాటే ఊడివస్తాయి, కీలం, అండాశయం మొక్క మీదే మిగులుతాయి. మన పత్తి చేలల్లో హైబ్రిడ్ విత్తనం కోసం పిల్లలూ ఆడవాళ్లూ వేళ్లు నొప్పి పుట్టేలా మొగ్గలు గిల్లిన కథ తెలిసినవాళ్లకు ఈ పువ్వు ఎంత మంచిదో అర్థమవుతుంది. ఆమె ఏళ్ల తరబడి రంగు రంగునూ ఏరి, జతకట్టి, కొత్త వర్ణాలు తీసింది. 1966లో ఆపేసినప్పుడు తన విత్తనాలను ఇంగ్లండులో ఒక జంటకు పంపింది. వాళ్ల చేతుల మీదుగా అవి ఫ్రాన్సు చేరాయి. ఆ పేరుతో నర్సరీ అక్కడ కొనసాగుతోంది.

కుండీల చరిత్రలో ఇంకో సంఘటన ఉంది, ఇది ఎవరూ చేయించింది కాదు. లండన్ దగ్గర క్యూ ఉద్యానంలో 19వ శతాబ్దం ముగిసే రోజుల్లో, హిమాలయాల నుంచి వచ్చిన ఫ్లోరిబండా అనే ప్రిమ్యులా నారులో ఒక వింత మొక్క కనిపించింది. పక్క కుండీల్లో ఉన్న యెమెన్ దేశపు వెర్టిసిల్లేటాతో సంకరమైందన్నమాట. కొండల్లో ఎప్పటికీ కలవని రెండు జాతులు అద్దాల గదిలో కలిశాయి. పూసింది, కానీ గొడ్డు మొక్క. దాన్ని పిలకలు చేసుకుంటూ బతికించారు. కొన్నేళ్లకు ఒక పూలకొమ్మ గింజ కట్టింది. 1912లో లెటిస్ డిగ్బీ అనే పరిశోధకురాలు సూక్ష్మదర్శిని కింద లెక్కపెడితే గొడ్డు మొక్కలో 18 క్రోమోజోములు, గింజ కట్టిన మొక్కలో 36 తేలాయి. క్రోమోజోములు రెట్టింపై ప్రతిదానికీ ఒక జోడీ దొరికింది, అందుకే గింజ కట్టింది. క్యూవెన్సిస్ అనే కొత్త మొక్క మనుషుల కళ్ల ముందే అలా పుట్టింది. అనంతపురం రైతు వేసే వేరుశనగ కూడా ఇలా రెండు అడవి జాతులు కలిసి క్రోమోజోములు రెట్టింపైనదే. కాకపోతే అది వేల ఏళ్ల కిందట జరిగింది, చూసినవాళ్లు లేరు.

చైనా సైనెన్సిస్ ఇంకో విడ్డూరం. ఎర్రగా పూసే ఒక రకాన్ని, మొగ్గ తొడిగే వేళకు ముప్పై డిగ్రీల వేడిలో ఉంచితే తెల్లగా పూస్తుంది. చల్లబరిస్తే తరువాతి పూలు మళ్లీ ఎర్రన. జన్యువు అదే, వాతావరణం వేరు.

ఆబ్‌కోనికాను చలిలో పెట్టనక్కర్లేదు, గదిలోనే నెలల తరబడి పూస్తుంది. కానీ దాని ఆకుల మీది నూగులో ప్రిమిన్ అనే పదార్థం ఉంది. పడనివాళ్లకు చేతులు ఎర్రగా పొంగి దురద పెడుతుంది. వయ్యారిభామ కలుపు తీసి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నవాళ్లకు ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రిమిన్ లేని రకాలు వచ్చాయి, కొనేటప్పుడు చూసుకోవాలి.

మన దగ్గర పెంచవచ్చా అని అడిగితే, వల్గారిస్ వద్దు. హైదరాబాదు చలికాలం రాత్రి దానికి సరిపోయినా పగలు సరిపోదు, వేసవి అసలు దాటదు. మలకాయిడిస్ మేలు. ఢిల్లీ, డెహ్రాడూన్ తోటల్లో దాన్ని ఏడాది మొక్కగా చలికాలానికి పూయిస్తారు. చింతపల్లి, లంబసింగి వైపు ఇల్లున్నవాళ్లు సెప్టెంబరు చివర్లో నీడలో నారు పోసి ప్రయత్నించి చూడవచ్చు.

నేను ఫిబ్రవరిలో తిరిగి వచ్చేసేనాటికి హిల్స్‌బరో వరండాలో ఏడాకుల మొక్కలు పదకొండు ఉన్నాయి. ఆ వసంతంలో ఒక్కటీ పూయలేదు. మరుసటి చలికాలం దాటాక వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, పసుపు పువ్వు, గొంతులో గుండుసూది.

చలిదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. జనవరిలో కుండీలు కొనేటప్పుడు రంగు ఒక్కటే చూడకండి. ఒకటి గుండుసూది, ఒకటి పోగుకుచ్చు ఏరి తెచ్చుకోండి. ఒక పువ్వు గొట్టం గిల్లి, దాని పుప్పొడిని రెండోదాని కీలాగ్రానికి రాయండి. గింజ పండాక మట్టి మాత్రం కప్పకండి.